కాళ్ళ దగ్గర ఏమీ లేదు

యార్క్‌టన్ అవతల, గడ్డి రన్‌వే పక్కన
మూడో నంబరు రేకుల షెడ్డు.
తలుపు తోస్తే ముందు కనిపించేది తోక.
ఒకటి కాదు, రెండు.
విమానం గురించి వినడమే తప్ప చూడనివాడెవడో
గీసినట్టుందే అన్నాను, మొదటి ఏడాది.
ఓరిస్యా హావ్రిలక్ నవ్వలేదు.
"బోల్టులు చూడు" అంది.

నలభై ఆరు నాటి ఎర్కూప్.
అద్దం ముందు మూతలోంచి ఒక తీగముక్క
పైకి లేచి ఉంటుంది.
దాని అడుగున బెండు, పెట్రోల్లో తేలుతూ.
తీగ కుంగితే ఇంటికి రావాలి.
అంతకు మించిన మీటరు లేదు.

ఏటా మే నెలలో తనిఖీ నాది.
ఏదో ఒకటి దొరక్కపోదు:
తుప్పు పట్టిన కేబులు,
రెక్కలో ఎలకల కాపురం,
నూనె కారడం (అది జబ్బు కాదు, అలవాటు).
బిల్లు రాసిస్తాను.
ధాన్యం ఎలివేటర్లో ముప్పై ఏళ్ళు
కాటా ముల్లు చూసిన కళ్ళతో
రెండుసార్లు చదువుతుంది.
"ఈ డబ్బుకి ఆవొస్తుంది."
ఆవు ఎగరదని తనే గొణుక్కుని
చెక్కు రాస్తుంది.
తర్వాత ఒక చేత కర్ర, ఒక చేత పాత బనీను గుడ్డ.
ముక్కు దగ్గర మొదలెట్టి, మిడతల మరకలు పోయి
అల్యూమినియంలో తన మొహం వచ్చేదాకా రుద్దుతుంది.
సాయం చేస్తానంటే వినదు.

జూలైలో ఒకరోజు "ఎక్కు" అంది.
"ఆ పనిముట్ల పెట్టె దించు.
నువ్వే ఒక బస్తా ఎక్కువున్నావు."

కిటికీ కిందికి జారింది.
మోచేయి బయటపెట్టి
సంతకి పోతున్నదానిలా ఆమె.
కింద అవిసె చేలు పూత మీదున్నాయి.
ఆకాశం ఎటుందో కాసేపు తెలీలేదు.
భయమేసి తీగముక్కనే చూస్తూ కూచున్నాను.

దిగేటప్పుడు పడమటి గాలి.
ముక్కొక దిక్కు, రన్‌వే ఒక దిక్కు.
ఎండ్రకాయలా అడ్డంగా
నేల మీదికి వస్తున్నాం.
దీని ప్రతి మరా నా చేతికి తెలుసు.
అయినా నా బూట్లు కింద
తొక్కడానికేదో వెతికాయి,
చీకట్లో మెట్టు కోసం తడిమినట్టు.

"అక్కడేం లేదు" అంది ముందుకే చూస్తూ.
"యాభై మూడులో పోలియో. నాకప్పుడు నాలుగేళ్ళు.
అప్పట్నుంచీ అక్కడేం లేదు."

చక్రాలు తగిలాయి. ఒక్క కుదుపు.
తనంతట తనే తిరిగి
సూటిగా పరుగెత్తింది.

షెడ్డులో, మోకాళ్ళ దగ్గర
ఇనుప కట్ల వార్లు బిగించుకుంటూ
"చూస్తావేం" అంది.
"నూనె ఎంత కారిందో చూడు."