రసీదు

ఎన్నికల ప్రకటన వచ్చిన మర్నాడే
ఆరిలోవ స్టేషన్ వరండాలో బల్ల వేసి నన్ను కూర్చోబెట్టారు.
వరస నెంబరు, పేరు, లైసెన్సు, గొట్టాలెన్ని, తూటాలెన్ని.
లెక్కింపు ముగిసేదాకా
ఈ కొండవారన తుపాకులన్నీ
నా చేతిరాతలో ఉండాలి.

మొదట జెర్రిపోతుల అప్పలసూరి వచ్చాడు.
పదహారేళ్ళు సరిహద్దు కాసి
ఇప్పుడు సిరిపురంలో నగలకొట్టు గుమ్మం కాస్తున్నాడు.
డబుల్ బారెల్‌ని పాత లుంగీలోంచి విప్పాడు,
పసిబిడ్డ తల కింద పెట్టినట్టు
మడమ కింద అరచెయ్యి పెట్టి.
"ఇది లేకపోతే నాను ఉత్త వాచ్‌మేన్‌నే తల్లీ,
జీతంలో నాలుగువేలు కోసేస్తారు.
మినాయింపుకి కాయితం ఎట్టినాను,
కమిటీ ఇంకా కూకోలేదట."

తర్వాత కోరాడ ముత్యాలు,
కంబాలకొండ అంచున చిలగడదుంప వేసినవాడు.
తాతనాటి గొట్టం, మందు కూరి పేల్చేది.
"అడివిపందికి కోడ్ తెల్దు కదమ్మా" అన్నాడు,
నేను ఏ గడిలో రాయాలో తెలియని మాట.

వేచలపు కిరీటి ప్లాట్లు అమ్ముతాడు.
పిస్తోలూ కారు తాళమూ పక్కపక్కనే పెట్టి
దేనికి రసీదు కావాలో చెప్పాల్సినట్టు నవ్వాడు.
"ఎవడి ఆయుధం వాడి నడుముకుంటే
ఎవడూ ఎవడి జోలికీ రాడండీ. అది హక్కు."
"హక్కేటి బాబూ," అప్పలసూరి బెంచీ మీంచే,
"నాలుగు సంతకాలు, పోలీసు విచారణ, మూడేళ్ళ తిరుగుడు.
అంత తిరిగినోడికి పేల్చడానికి చెయ్యాడదు.
అందుకే ఆ తిరుగుడు ఉండాల."
"నాకు హక్కొద్దు, దుంపలు కావాల" అన్నాడు ముత్యాలు.

టీ చల్లారింది. వాదన చల్లారలేదు.

అంతలో ఊరేగింపు అనుమతి కోసం
మా వార్డు పెద్దమనిషి దిగాడు, మళ్ళీ నిలబడుతున్నవాడు.
వెనక ఇద్దరు గన్‌మెన్.
ఆ రెండూ సర్కారువి, నా పుస్తకంలోకి రావు.
అప్పలసూరి అలవాటుగా లేచి సెల్యూట్ కొట్టాడు.
మనిషికో, తుపాకీకో
నేనడగలేదు.
కారు వెళ్ళాక ముత్యాలే అన్నాడు:
"మనమే గెలిపిస్తాం. మననుంచే కాపలా."

వరండా ఊడుస్తున్న గవరమ్మ
అప్పుడు చీపురు ఆపింది.
కిందటిసారి గెలుపు ఊరేగింపులో
ఎవరో సంబరంగా పేల్చిన గుండు
ఆమె కొడుకు మోకాట్లో దిగింది.
కేసు రాశాం. ఆయుధం దొరకలేదని కూడా రాశాం.
"ఆ తుపాకీ ఏ నెంబరమ్మా, ఇందులో?"
కిరీటి ఫోన్ చూసుకున్నాడు.
నేను పేజీ తిప్పాను,
ఉందేమో అన్నట్టు.

సముద్రం కొండ అవతల ఉన్నా
ఉప్పుగాలికి దారి తెలుసు.
వారానికోసారి మాల్‌ఖానాలో నూనెగుడ్డ పట్టుకుని
ముప్ఫై ఒక్క తుపాకులు తుడిచాను.

పోలింగ్ రోజు బడిలో డ్యూటీ.
వట్టి చేతుల్తో వరుసలో నిలబడ్డారు వాళ్ళంతా,
కిరీటి కూడా, ముత్యాలు వెనక, ఎండలోనే.
గవరమ్మ కొడుకు కుంటుకుంటూ లోపలికెళ్ళి
చిన్న ముఖంతో తిరిగొచ్చాడు:
"అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనబడింది మేడం.
చేతికివ్వరా?"

ఇవ్వరు.

ఫలితాల తర్వాత రసీదులు పట్టుకుని వచ్చారు.
కిరీటి పొద్దున్నే.
ముత్యాలు వారం పోయాక, దుంపలు పోయాక.
అప్పలసూరి వచ్చాడు గానీ తీసుకోలేదు.
కొట్టువాళ్ళు లాఠీ కుర్రాణ్ణి పెట్టుకున్నారట.
"మీ దగ్గరే ఉండనీ తల్లీ, నూనె ఏస్తున్నావు కదా."

సాయంత్రం గవరమ్మ
నేను చించి పడేసిన రసీదు ముక్కలు
చేటలోకి ఎత్తి, నా బల్ల మీదకి తెచ్చింది.
చదవడం రాదు ఆమెకి.
"ఇందులో నాదేదైనా ఉందేమో
సూడమ్మా."

లేదని తెలుసు.
కళ్ళజోడు పెట్టుకుని
ఒక్కొక్క ముక్కా చదివాను.