రెండు మిల్లీమీటర్లు

మా ఆఫీసు చిత్తూరులో, మురకంబట్టు రోడ్డు పక్కన.
కింద టైర్ల అంగడి, పైన మేము.
తొమ్మిదిమందికి ఏడు కుర్చీలు.
ఇద్దరెప్పుడూ సైటులోనే ఉంటారని లెక్కగట్టి
చెంగల్రాయులు సారు కొన్న కుర్చీలు.

మేము వంతెనలు గీయం.
మామిడికాయల గుజ్జు తీసే మిషన్లు గీస్తాం.
ఇంజనీరంటే ఏం చేస్తావే, అనడిగింది మా చిన్నత్త.
తోతాపురి కాయ ఎంత లావుంటాదో కొలుస్తా, అన్నాను.
ఆ పని మా నాయన గూడా చేస్తాడు గదే,
సంతలో, చేత్తోనే, అనింది.

నిజమే, నేను మొదట కొలిచింది ఇనుమును కాదు.
మూడు వందల కాయలు, ఒక్కొక్కటీ వెర్నియర్ నడుమ పట్టి.
ముంజేతుల మీద సొన పడి పొక్కులు లేచాయి.
నాలుగేళ్ల చదువులో
సొన గురించి ఏ పాఠమూ లేదు.

ఫిబ్రవరి దాటితే మాకు రాత్రుళ్లుండవు.
అందరికీ గడువు పెంచుతారు గానీ
కాయకు ఎవరు పెంచుతారు?
జూన్ వస్తే ఫ్యాక్టరీ గేటు కాడ ట్రాక్టర్లు వరసగడతాయి,
రెండు రోజులు, మూడు రోజులు,
కింద కాయ మెత్తబడతా,
పైన రైతు టవలు కప్పుకొని పండుకొని.
ఆలోపల షాఫ్టు తిరగాల.

ఆ ఏడు, బేరింగు కూర్చునే గుంతకు
ఎనభై రాయాల్సిన చోట
డెబ్భై ఎనిమిది రాశాను.
కంప్యూటరు ఏమీ అనలేదు.
సరిచూసినవారి గడిలో సంతకముంది,
ఆమోదించినవారి గడిలో సంతకముంది.
నల్లగీతలు ఎంత శుభ్రంగా ఉన్నాయో!
తప్పుకు చేతిరాత బాగుంటే ఎవరూ ఆపరు.

షెడ్డులో ఏకాంబరం ఆపినాడు.
ఒక మాటు కాగితంకేసి చూసినాడంట,
ఒక మాటు బేరింగును అరచేతిలో తిప్పినాడంట,
బీడీ ఆర్పి
లేతు మీదికి ఎక్కించినాడంట.
ఫోను మాత్రం చేయలేదు.

నాకు తెలిసింది జూన్‌లో, మిషను తిరుగుతుంటే.
గ్రీజు కింద, స్టీలు మీద, మార్కరుతో
డెబ్భై ఎనిమిది కొట్టేసి ఎనభై.
పక్కన ఇంకేమీ లేదు.

ఏమన్నా, నాకొక మాట చెప్పకూడదా?

"నీకు చెప్తే నువ్వు సారుకు చెప్తావు,
సారు ఓనరుకు చెప్తాడు,
ఓనరు పోయి చెట్టుకు చెప్తాడా పాపా, రొంత ఆగమని?
రెండు మిల్లీ అంటే ఏముంది,
వడ్లగింజ అడ్డంగా పండుకున్నంత."

ఆ రాత్రి ఆఫీసుకొచ్చి బొమ్మ తెరిచాను.
సవరణల గడిలో రాశాను:
బి. గుంత ఎనభై. ఏకాంబరం చెప్పినట్టు.
రాసి చాలాసేపు చూసుకున్నాను,
ఏదో అప్పు తీర్చినట్టు.

పొద్దున సారు ఎర్రపెన్ను తీశాడు.
"పేర్లు వద్దమ్మా.
ఈరోజు మర్యాదగా రాస్తావు.
రేపు ఆ షాఫ్టు ఎవరి చెయ్యన్నా లాక్కుంటే
పోలీసులు మొదట చదివేది ఈ గడే.
సైటు ప్రకారం అని రాయి."

నాకు మాట రాలేదు.
సారు ఏకాంబరాన్ని చెరిపేస్తున్నాడా,
దాస్తున్నాడా?
రెండూ ఒకే ఎర్రగీత.
సైటు ప్రకారం, అని రాశాను.
నా పేరు మాత్రం గీసినవారి గడిలో
ఎప్పటిలాగే, అచ్చులో.

రద్దైన బొమ్మలు ఏకాంబరం అడిగి తీసుకుపోతాడు.
మందం కాగితం, వెనకంతా తెలుపు.
మొన్న షెడ్డుకు పోతే
వాళ్ల చిన్నపాప, లోహిత,
కడ్డీల మీద కూర్చొని లెక్కలు చేస్తా ఉంది.
పుస్తకానికి అట్ట, నా పాత బొమ్మ.
మడత కాడ సగం విరిగి
డెబ్భై ఎనిమిది.

లోపల ఏం లెక్కో
వంగి చూశాను.
అప్పటికే రబ్బరుతో తుడిపేసి
మళ్లీ మొదలుపెట్టింది.