ఆకుపచ్చ సిరా

బ్రాడీపేట నాలుగో లైన్లో
ఇంకు బుడ్డి ఉందా అంటే
"ప్రింటరుదా, స్టాంపు ప్యాడుదా?" అన్నాడు కుర్రాడు.
అరండల్‌పేటలో నవ్వి జెల్ పెన్ను చూపించారు.

పట్నం బజారులో, పురికొస కొట్టు పక్కన,
మిరప ఘాటుకి తుమ్ముతూ
కాలేషా నిచ్చెనెక్కాడు.
నీలం లేదు. నలుపు గడ్డకట్టింది.
దుమ్ము ఊదితే తేలింది ఒక్కటే, ఆకుపచ్చ.

"గెజిటెడ్ ఆఫీసరా తమరు?"

కాదు. యార్డులో టిక్కీల లెక్క రాసే గుమాస్తాని.
ముప్పై ఏళ్లుగా ఎవరెవరి గుమ్మాల్లోనో
ఆ రంగు సంతకం కోసం
జిరాక్సులు పట్టుకుని నిలబడ్డవాణ్ణి.

పాళీ ముంచి, కాటా చీటీ వెనక
రాసి చూడమన్నాడు.
నా పేరే రాశాను.
కింద, చిన్నక్షరాల్లో:
అసలుతో సరిచూడడమైనది.

తడి ఆరేదాకా ఊది
కాలేషా
చీటీ నాకే ఇచ్చేశాడు.