యడాగమం

సాల్తోలో, ఉరుగ్వే నది ఒడ్డున
ఉన్ని గోదాము వెనక గదిలో
పదహారేళ్లుగా నిద్రపోని యంత్రం
మొన్న బుధవారం దగ్గింది, ఆగింది, మళ్లీ దగ్గింది.
దాని ప్రాణం యూనిక్స్.
కడుపు నిండా గొర్రెల లెక్క:
ఏ మంద, ఎన్ని మూటలు, ఎంత తడి, ఎవరికెంత బాకీ.

యజమాని కొత్త కంప్యూటర్లు దింపాడు.
అన్నీ విండోసే, చవగ్గా వచ్చాయట.
"లెక్కలు లెక్కలే కదా ఎల్సీరా,
ఇందులోంచి తీసి అందులో పొయ్యి" అన్నాడు,
పాల సంగతి చెప్పినట్టు.

ఎల్సీరా ఏమీ అనలేదు.
మాతే ఆకు మీద వేణ్ణీళ్లు పోసుకుని
వెండి గొట్టం చప్పరిస్తూ కూర్చుంది.

ముందు గీతలు తిరగబడ్డాయి.
అక్కడ దారి చెప్పే గీత కుడికి వాలుతుంది,
ఇక్కడ ఎడమకి.
ఎడమకి వాలిందా, పక్కనున్న అక్షరాన్ని మింగి
చప్పుడు లేకుండా కొత్త పంక్తి కక్కుతుంది.

తర్వాత ప్రతి పంక్తి చివరా
కంటికి ఆనని అక్షరం ఒకటి.
టైపు మిషను బండిని వెనక్కి లాగిన రోజులనాటిది.
బండి పోయింది,
లాగడం మిగిలింది.

అసలు కష్టం ఇంకోటి.
పాత ఇంట్లో పని పెరిగితే
దీపంతో దీపం వెలిగించుకున్నట్టు
తనలోంచి తనలాంటిదాన్ని తీసేది.
ఇక్కడ ఆ మంట అంటుకోదు.
ప్రతిసారీ ప్రమిద వెతకాలి, వత్తి చెయ్యాలి,
నూనె పోసి అగ్గిపుల్ల గియ్యాలి,
మొదటి దీపం ఏం చూస్తోందో
రెండోదానికి పూసగుచ్చి చెప్పాలి.

ఆరో రాత్రి ఒక పొర దొరికింది.
కింద విండోసే, పైకి మాత్రం యూనిక్స్‌లా పలుకుతుంది.
అటు అడిగింది ఇటు మార్చి అడుగుతుంది,
ఇటు చెప్పింది అటు మార్చి చెబుతుంది.

ఎల్సీరాకి తెలుగు రాదు. వస్తే చెప్పేవాణ్ణి:
మా, అమ్మ. రెండు అచ్చులు
ఒకదాన్నొకటి ఓర్చుకోలేనప్పుడు
మధ్యన ఒక య వచ్చి నిలబడుతుంది.
మాయమ్మ.
ఆ య 'మా'లోది కాదు, 'అమ్మ'లోదీ కాదు.
అర్థంలో వాటా అడగదు.
అది లేకపోతే మాత్రం
నోరు గడపకి తట్టుకుంటుంది.

తొమ్మిదో రోజు డేటాబేస్ లేచింది.
నల్లటి కిటికీలో ఒక్క తెల్ల మాట: సిద్ధం.
యజమాని చప్పట్లు కొట్టి వెళ్లిపోయాడు.

మూటలు కూడితే
రెండువందల పన్నెండు తక్కువ.

లానా అంటే వాళ్ల భాషలో ఉన్ని.
పాత యంత్రంలో పెద్ద అక్షరంతో ఒక లానా,
చిన్న అక్షరంతో ఇంకో లానా.
పెద్దది కరువు ఏడాది ఖాతా, చిన్నది రోజువారీది.
కొత్తదాని కంటికి రెండూ ఒకటే.
కాపీ చేస్తుంటే
ముందొచ్చిన చెవుల్ని
వెనకొచ్చిన కొమ్ములు తినేశాయి.
(అక్షరాల్లో పెద్దా చిన్నా లేని భాషవాణ్ణి.
ఆ తేడా నాకు ఇప్పటికీ వింతే.)

వాషింగ్టన్ సిల్వేరా, తూకం మనిషి,
తలుపు దగ్గర నిలబడి విన్నాడు.
"ఆ ఏడు ఉన్ని వేళ్ల మధ్య తెగిపోయేది" అన్నాడు.
"సగానికి సగం చిన్న మందలే. ఒకామె
నాలుగు మూటలకి నాలుగుసార్లు వచ్చింది,
బండికి ఒక్కటే పట్టేది."

ఇద్దరూ కలిసి పాత యంత్రాన్ని కదిలించారు.
వాషింగ్టన్ చెప్పు తీసి ఫ్యానుని ఒక్కటిచ్చాడు.
పదకొండు నిమిషాలు బతికింది.
అది చాలింది.

ఈసారి ఆ ఫైలుకి
ఎల్సీరా తన చేత్తో వేరే పేరు పెట్టింది: సెకా.
కరువు.
ఏ యంత్రం మీదైనా
ఇంకో పేరుతో కలిసిపోదు.

ఇప్పుడు పొద్దున్నే మూట కాటా ఎక్కుతుంది.
అంకె ఆ పొర దాటుకుని
లోపలికెళ్లి తన గడిలో కూర్చుంటుంది.
ఎవరికీ ఏమీ వినిపించదు.

పాత పెట్టె మీద వాషింగ్టన్
టిఫిన్ పొట్లం పెట్టుకుంటాడు, అలవాటుగా.
మధ్యాహ్నం విప్పి ముట్టుకుని విసుక్కుంటాడు:
"ఇదివరకు వెచ్చగా ఉండేది."