చిల్లర

యార్క్ స్టేషన్ బయట బస్సు రేవులో
నేనూ మెహరున్నిసా నిలబడి గుణిస్తున్నాం.
ఈ దేశం వచ్చాక నోటికి ఒకటే ఎక్కం,
నూటపదో ఎక్కం.
కప్పు టీ మూడున్నర,
అంటే మూడువందల ఎనభై అయిదు.
గుణించినప్పుడల్లా దాహం
కాస్త వెనక్కి జరిగి కూచుంటుంది.

తెనాలి డిపోలో ఇద్దరిదీ ఒకే బ్యాచ్.
ముప్పై ఒక్క ఏళ్ళు భుజాన తోలుసంచీ మోశాం.
రిటైరయ్యాక చీటీ పాడి,
మనం టికెట్ కొట్టని రోడ్డు ఒకటి చూద్దామని
బయల్దేరాం.

మా తర్వాత వచ్చేవాళ్ళకి చెబుతున్నా, వినండి.
ఎనిమిది మంచాల గదిలో పై మంచం చవక,
కానీ మీ మోకాళ్ళని ముందే అడగండి.
తువ్వాలుకి అద్దె ఉంది, ఇంటి నుంచి తెచ్చుకోండి.
కుళాయి నీళ్ళు తియ్యగానే ఉంటాయి.
రాత్రి ఏడు దాటాక కొట్లో ఒక కుర్రాడు
రొట్టెల మీద పసుపు చీటీలు అంటిస్తూ పోతాడు.
అతని వెనకాలే నడవండి,
తొందర లేనట్టు.

బస్సు వచ్చింది, రెండంతస్తులది.
ఎక్కగానే కళ్ళు కండక్టర్ని వెతికాయి.
లేడు.
లోపలికి జరగండమ్మా అనే గొంతు లేని బస్సు
ఎంత పెద్దదైతే మాత్రం ఏం?
డ్రైవరు ముందున్న మిషన్ చచ్చిపోయింది.
రెండుసార్లు తట్టాడు, ఒకసారి తిట్టాడు,
చెయ్యి ఊపి, "కూచో, లవ్" అన్నాడు.
అరవై ఒకటో ఏట నన్ను
లవ్ అన్నవాడు.

మెహర్ నవ్వాపుకోలేక పైకెక్కింది.
నా అరచేతిలో మూడు పౌండ్లు
చెమటలు పట్టాయి.
టికెట్ లేకుండా
నేను
బస్సులో.

రేపల్లె ట్రిప్పు. భట్టిప్రోలు దాటాం. వాన.
చంకలో కుట్టుమిషన్ తలకాయతో ఒక కుర్రాడు,
రూపాయిన్నర తక్కువ.
వేమూరులో చెకింగ్ కాసుకున్నారని
ఎదురు బస్సువాడు లైట్లు కొట్టి చెప్పాడు.
రైట్ అని విజిలేసి దించేశాను.
వెనక అద్దంలో చూశాను,
చూడకుండా ఉండాల్సింది.
చొక్కా విప్పి
మిషన్‌కి కప్పుతున్నాడు.

బయట అటు కొండా కాదు, ఇటు మైదానమూ కాదు,
ఊదాపూల పొదలు నేలంతా పరుచుకుని
మంచులోకి పోతున్నాయి.
గొర్రెలు రోడ్డుకి అడ్డంగా నిలబడితే
బస్సే ఆగి, బతిమాలినట్టు హారన్ కొట్టింది.
"ఇది చూడవే, దీన్ని గుణించు" అంది మెహర్.
"ఎంతతో?"
"అదే చెబుతున్నా. సున్నాకి ఎక్కం లేదు."

విట్బీలో దిగేటప్పుడు
ఒక్కొక్కరూ డ్రైవరుకి థాంక్యూ చెప్పి దిగుతున్నారు.
ముసలాయనా, బడిపిల్లా, కుక్కతో ఉన్నాయనా.
ముప్పై ఒక్క ఏళ్ళు తలుపు దగ్గర నిలబడ్డాను నేను.
ఎవరూ చెప్పలేదని
ఇవాళే తెలిసింది.

రేవులో ఒక గోడకి
పడవ ఆకారంలో హుండీ ఉంది,
సముద్రంలో మునిగేవాళ్ళని లాగే పడవల కోసం.
మూడు నాణేలూ అందులో వేశాను.
టంగుమని ఒకటి, తర్వాత రెండూ కలిసి.

"ఎవరి ఖాతా?" మెహర్ అడిగింది.
"భట్టిప్రోలు."
తనకి తెలుసు, ఆరోజు సాయంత్రం డిపోలో
నేను లెక్క తప్పి
మూడుసార్లు కట్టాను.
ఏమీ అనలేదు, అనకుండా ఊరుకోనూ లేదు.
"రేపటి రొట్టె పోయింది.
నా మూడూ నేనివ్వను, నేనెవర్నీ దించలేదు."
కాసేపాగి, "గుర్తున్నంతలో" అంది.

ఒకే పొట్లం చిప్స్ కొన్నాం, చెక్క ఫోర్కులు రెండడిగాం.
వంతులేసుకుని తింటుంటే
బాతంత సముద్రకాకి ఒకటి దూకి
అన్నిట్లోకీ పొడుగాటి చిప్ ఎత్తుకుపోయింది.

రేవంతా తిరిగి చూసేలా
మెహరున్నిసా లేచి నిలబడి అరిచింది,
"ఏయ్! టికెట్!"