ఒక్క గుండీ

పాండీ బజారు ప్లాట్‌ఫారం మీద
మూడువందల యాభై చెప్పి
రెండువందల ఇరవైకి దిగాడు.
ఆవపిండి రంగు అల్లిక ష్రగ్గు.
చేతులు మోచేతి దాకా,
ఒళ్ళు మాత్రం పక్కటెముకల దగ్గరే ఆగిపోయింది.
ముందు ఒకే ఒక్క గుండీ.
ఫొటో చూసి సూళ్ళూరుపేట నుంచి మా పిన్ని:
"మిగతాది ఎప్పుడిస్తాడంట?"

మద్రాసులో ఉన్ని ఎందుకని అడక్కండి.
మే నెలలో మా చూళైమేడు హాస్టల్లో
ఫ్యాను కూడా వడగాలే విసురుతుంది.
అయినా తలుపు వెనక మేకుకి అది వేలాడుతూనే ఉంటుంది,
పక్కన వారాలు రాసిన చీటీతో,
నలుగురికి ఒక్కటి.

సోమవారం ఇందుబాలది.
వాళ్ళ మేనేజరు ఏసీని పద్దెనిమిది మీద పెట్టి
రిమోట్‌ని సొరుగులో దాచుకుంటాడు.

మంగళ, బుధ షమీమ్‌వి.
చేతుల్లేని కుర్తాలంటే ప్రాణం తనకి.
వీధి చివర టీకొట్టు దాటేదాకా తొడుక్కుని
మెట్రో ఎస్కలేటర్ మీద విప్పుతుంది.
సాయంత్రం అక్కడే మళ్ళీ తొడుక్కుంటుంది.

ఫ్లోరెన్స్‌ని మేం అడగలేదు.
ఎడమ భుజం కింద మచ్చ
చేపల వేపుడు నూనె చిట్లి అంది ఒకసారి,
ఇస్త్రీపెట్టె అంది ఇంకోసారి.
రెండూ నమ్మాం.

శుక్రవారం నాది.
నాకు కారణమేం లేదు.
చంకలో కుట్టు ఊడిన టాపు ఒకటుంది, అదొక వంక.
అసలు సంగతి, అది వేసుకుంటే
అద్దంలో నా జీతం కాస్త పెరిగినట్టుంటుంది.

గుండీ పోగొట్టింది షమీమ్. ఒప్పుకోదు.

ఒక ఆదివారం తలుపు తట్టింది
వార్డెన్ కనకవల్లి.
తొమ్మిదింటికి గేటుకి తాళమేసే చెయ్యి,
"స్లీవ్‌లెస్ నిషేధం" అని
నోటీసు బోర్డు మీద ఎర్ర ఇంకుతో రాసిన చెయ్యి,
చీర కొంగు నలుపుతూ అడిగింది:
అన్న కొడుకు పెళ్ళి, ఏసీ మండపం,
భుజాలు లాగేస్తాయి,
ఆ చిన్న స్వెట్టర్ ఒక్కపూట...

వంగపండు రంగు పట్టుచీర మీద ఆవపిండి రంగు.
మెట్ల మీంచి నలుగురం వంగి చూశాం.
ఆటో ఎక్కబోతూ
దాని అద్దంలోకి ఒకసారి వంగింది,
ఎవరూ చూడట్లేదనుకుని.

మూడోరోజుకి మేకుకి తిరిగొచ్చింది.
ఉతికి, మడత నలగకుండా ఇస్త్రీ చేసి,
అయినా మల్లెపూల వాసనా, కాస్త సాంబారు వాసనా.
పోయిన గుండీ చోట ఇంకోటి,
ఏ పిల్లాడి స్కూలు కోటుదో, ఎర్రది, పెద్దది.
కన్నంలో పట్టదు.

మార్చాలనుకుంటూనే రెండు వారాలు గడిచాయి.
అల్లిక కదా,
కన్నమే కొంచెం సాగింది.

చీటీలో ఆదివారం పక్కన ఖాళీ ఉండేది.
ఇందుబాల అక్కడ పెన్సిలుతో "క" అని రాసింది.
నోటీసు బోర్డు మాత్రం అలాగే ఉంది.