సరి బేసి

కెమీలో ఆ శీతాకాలం
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పట్టింది.
కాగితం మిల్లులో రాత్రి పని
సరి వారాలు నాది, బేసి వారాలు తార్మోది.
అద్దె చెరి సగం, కాఫీ పొడి చెరి సగం,
కంప్యూటరూ చెరి సగమే:
అతని కార్డొకటి, నా కార్డొకటి,
మధ్యన వేలెడంత వంతెన.

ఒకటి బేసి బొమ్మలు గీస్తుంది,
ఒకటి సరి బొమ్మలు.
వరసగా పేర్చితే
గడ్డకట్టిన నది మీద కారు పరుగెడుతుంది.
మొదటి రాత్రి
దూరపు కొండ మీద
ఒక్కో చెట్టూ తన మంచు తాను మోస్తూ విడివిడిగా కనబడింది.
తార్మో పందెం వదిలేసి, కారు పక్కకాపి,
కొండనే చూస్తూ కూర్చున్నాడు.
"మా నాన్న కొట్టేసిన అడవి ఇలాగే ఉండేది" అన్నాడు.

ఇంకో లాభం కూడా చెప్పాలి, నవ్వకండి:
పెట్టె వెనకనుంచి వచ్చే వేడిగాలికి
తడిసిన చేతి తొడుగులు పావుగంటలో ఎండేవి.

ఆ తర్వాత మొదలయ్యాయి తిప్పలు.
నాలుగూ నాలుగూ ఎనిమిదని జేబులు దులిపేశాం.
మెమరీ దగ్గర మాత్రం
నాలుగూ నాలుగూ నాలుగేనట.
రెండూ ఒకే పాఠాన్ని
ఎవరి మూల వాళ్ళు కూర్చుని బట్టీ పడతాయట.
అమ్మినవాడు ఆ ముక్క నోట అనలేదు.

లెక్క సెకనుకి తొంభై అంటుంది, కన్ను ఒప్పుకోదు.
ఒక బొమ్మ తొందరపడి, ఒకటి తటపటాయించి,
తాళం తప్పిన చిడతల్లా...
మలుపు దగ్గరికి రాగానే కారుకి ఎక్కిళ్ళు.
కొత్త డ్రైవరు ఎక్కిస్తే నీడలు మిణుకుమంటాయి,
పాతదానికి మళ్ళితే ఆటే తెరుచుకోదు.
మొన్న కొన్న ఆటకైతే ఒక్క కార్డే ఆనుతుంది;
రెండోది ఫ్యాను తిప్పుకుంటూ
పిలవని పెళ్ళికొచ్చిన చుట్టంలా ఓ పక్కన.

శనివారాలు మరీ ఘోరం.
కింద ఇంటావిడ సైమి సౌనా పొయ్యి వేయగానే
ఫ్యూజు ఎగిరిపోయేది.
చీకట్లో, మెట్ల కిందనుంచి, తువ్వాలు చుట్టుకున్న గొంతు:
"మీ రెండు దయ్యాల్లో ఒకదాన్ని పడుకోబెట్టండ్రా!"

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఇమిడాయి.
వేడెక్కాయి, అంతే.

మార్చిలో తార్మోకి రౌమా ఓడల యార్డులో పని దొరికింది.
తన కార్డు విప్పి, ఉన్ని మేజోడులో దూర్చి,
బట్టల మధ్య పెట్టుకున్నాడు.
"వంతెన నువ్వుంచుకో" అన్నాడు.
ఒంటి కార్డుకి వంతెనెందుకు?
ఉంచుకున్నాను.

ఆ రాత్రి మళ్ళీ నది మీదికి వెళ్ళాను.
కొండ మసకబారింది. లెక్క యాభై దాటలేదు.
మలుపు మాత్రం
వెన్నలో కత్తి దిగినట్టు సాగిపోయింది.
కింద సౌనా వెలిగింది, దీపం ఆరలేదు.

ఈ సంగతి తార్మోకి చెప్పలేదు.
"ఎలా ఉంది?" అని ఫోన్లో అడిగితే
"ఏముంది, నడుస్తోంది" అన్నాను.

బేసి వారాలూ ఇప్పుడు నావే.
పొద్దున వచ్చి పెట్టె వెనక ఆరేసిన తొడుగులు
సాయంత్రం మళ్ళీ వేసుకునేటప్పటికి
ఇంకా తడే.